వర్ధన్నపేట సర్వేలో కులం ప్రభావం కనిపించకపోవడానికి కారణం

తప్పు మీ లెక్కల్లో లేదు, ఎంచుకున్న నియోజకవర్గంలో ఉంది. "వర్ధన్నపేటలో కులానికీ ఓటుకూ సంబంధమే రావట్లేదు, అమెరికా జాతుల సిద్ధాంతం మన దగ్గర పనికిరాదా?" అన్నారు. జాతి అభిమానమే ఓటును నడిపిస్తుందనే సిద్ధాంతం గురించే కదా. అది ఎస్సీ రిజర్వుడు సీటు. పోటీలో ఉన్నవాళ్లంతా ఎస్సీలే అయితే మనవాడు, బయటివాడు అనే తేడా ఎలా తేలుతుంది?

1. పరకాల, నర్సంపేట జనరల్ సీట్లు. ఒకటి కలపండి.

2. ఎస్సీ అని ఒకే గడి వద్దు. మాదిగ, మాల, మిగతావి విడిగా రాయండి.

3. అందరూ వదిలేసేది ఇదే. కులం పేరు రాసుకుని ఊరుకుంటారు. ఒక కులంలో పుట్టడం వేరు, ఆ కులం బాగోగులతో తన బతుకు ముడిపడి ఉందనుకోవడం వేరు. నల్లజాతి అమెరికన్ల విషయంలో రాజకీయ శాస్త్రవేత్త మైకేల్ డాసన్ పట్టుకున్నది ఈ రెండోదాన్నే. ఇలా అడగండి: "మీ కులపోళ్లకు మంచో చెడో జరిగితే మీ ఇంటి మీద ప్రభావం పడుతుందా?" అవునన్నవాళ్లను, కాదన్నవాళ్లను విడదీసి లెక్క మళ్లీ చూడండి.

ఇంట్లో, ఒక్కరినే అడగాలి. చాయ్ హోటల్ కాడ నలుగురిలో అడిగితే "కులం గిలం ఏం లేదు సార్" అనే వస్తుంది. నాకూ అదే జరిగింది.

ఇంకొకటి, అభిమానమంటే సొంత జాతి అభ్యర్థికి ఓటేయడమే అని రాయకండి. 1964 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో, జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టంపై సంతకం చేసిన అధ్యక్షుడు జాన్సన్‌కు నల్లజాతి ఓట్లు 90 శాతానికి పైగా పడ్డాయి. ఆ చట్టాన్ని వ్యతిరేకించిన ఆయన ప్రత్యర్థి గోల్డ్‌వాటర్‌కు నామమాత్రమే. ఇద్దరూ తెల్లవాళ్లే. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఇక్కడే పట్టుకుంటారు.