పగలు నిద్రపోతే జబ్బు మనిషేనా?

ప్రశ్న: నా వయసు 26. నాలుగేళ్లుగా ఒక అమెరికా ఫోన్ కంపెనీ కస్టమర్లకు ఇక్కడి నుంచి కాల్స్ తీసుకుంటున్నాను. అక్కడ నా పేరు లూసీ. బిల్లు ఎక్కువొచ్చిందని అరుస్తారు, ‘నీతో మాట్లాడను, మా దేశంవాళ్లకి ఇవ్వు’ అంటారు. మొన్న ఒకాయన తిట్లకి మ్యూట్ నొక్కి ఏడ్చాను. జీతం నాన్న చేతికే ఇస్తాను, తమ్ముడి చదువు దానిమీదే. నాన్న చుట్టాలకి నాది సాఫ్ట్‌వేర్ అని చెప్తారు. పగలు పడుకున్నప్పుడు ఎవరైనా వస్తే ‘ఒంట్లో బాలేదు’ అంటారు. పెళ్లిచూపుల్లో అబ్బాయి ‘ఏ టెక్నాలజీ?’ అంటే నాకు నోట మాట రాలేదు. ఉద్యోగం మానేయనా? తిట్లు మనసుకు పట్టకుండా ఏం చేయాలి?

జవాబు: తల్లీ, తిట్ల సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది. ఆ అరిచేవాడికి నువ్వెవరో తెలియదు. హోల్డ్‌లో పాట విని విని, మూడు డిపార్ట్‌మెంట్లు తిరిగి నీకు తగిలాడు. హద్దు దాటితే ఒకసారి హెచ్చరించు, ఆగకపోతే సూపర్‌వైజర్‌కి ఇచ్చెయ్. నాలుగేళ్లు నెగ్గుకొచ్చినదానివి, నేను కొత్తగా నేర్పేదేమీ లేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కస్టమర్ దగ్గర ఏడ్చానని రాశావు. నాన్న దగ్గరికొచ్చేసరికి ‘చెప్తారు’, ‘అంటారు’ అని ఊరుకున్నావు. లూసీ వేషం హెడ్‌సెట్ తీసేస్తే పోతుంది. ఇంట్లో నాన్న వేసిన వేషానికి లాగౌట్ ఏదమ్మా? నీ జీతం ఆయనకి పనికొస్తోంది, నీ పని మాత్రం నామోషీ. ఇది నాకు మింగుడుపడలేదు.

పైగా ఒంట్లో బాలేదట! నాలుగేళ్లుగా పట్టపగలు మంచం మీదుండే పిల్లని చుట్టాలు ఏమనుకుంటారు? పరువు కాపాడబోయి లేని జబ్బు అంటగట్టారు. రేపు సంబంధంవాళ్లు వాకబు చేస్తే ముందు చెవినపడేది ఆ జబ్బే.

ఆయన భయం నాకు తెలియనిదేం కాదు. రాత్రిపూట క్యాబ్ ఎక్కే ఆడపిల్లని వీధి ఎలా చూస్తుందో ఆయన చూసే ఉంటారు. కానీ పంపించగలిగిన మనిషి చెప్పుకోవడానికి వెనకాడకూడదు. అంత చిన్న పనా నీది? కొత్త కనెక్షన్ మొదటి బిల్లు ఎందుకు ఎక్కువొచ్చిందో, అందులో వాడిన రోజులెన్నో, ముందు నెలకి అడ్వాన్సెంతో ఊగిపోతున్నవాడికి వాడి భాషలో విడమరచాలి. సిమ్ మార్చమన్నవాడు అసలు మనిషో, నంబరు కొట్టేసి బ్యాంకు ఓటీపీలు లాగే దొంగో పిన్ అడిగి తేల్చాలి. అదీ ఏహెచ్‌టీ, అంటే ఒక్కో కాల్‌కి పెట్టిన సగటు టైము, దాటకుండా! ఇవన్నీ నాన్నకి ఒక్కసారైనా చెప్పావా? చెప్పి ఉండవు. ఆయనా అడిగి ఉండరు.

ఇంకో సంబంధం వచ్చేలోపే, నీ వీక్లీ ఆఫ్ రోజు ఆయన పక్కన కూర్చో. ‘నాన్నా, నాది కాల్ సెంటర్ ఉద్యోగం. ఈసారి అడిగితే అదే చెప్తాను. మీరే ముందు చెప్తే ఇంకా సంతోషం’ అను. జీతం మాట ఆ రోజు ఎత్తకు, బెదిరింపులా ఉంటుంది. వచ్చే నెల నుంచి మాత్రం డబ్బు నీ ఖాతాలోనే ఉంచుకుని తమ్ముడి ఫీజు నీ చేత్తో కట్టు. వాడికీ తెలియాలిగా అక్క ఏం చేస్తోందో.

మానేయడమా? ఇప్పుడు వద్దు. ఇవాళ మానేస్తే అది సిగ్గుపడాల్సిన పనేనని నువ్వూ సంతకం పెట్టినట్టే. ఒంటికి రాత్రి డ్యూటీ మంచిది కాదు, అది వేరే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2007లోనే రాత్రి షిఫ్టుల్ని బహుశా క్యాన్సర్ కారకాలని చెప్పింది. ఐజేపీలో, అంటే మీ కంపెనీ లోపలివాళ్లకి వేసే ఖాళీల ప్రకటనల్లో, యూకే కస్టమర్ల ప్రాసెస్ పడితే అప్లై చెయ్. లండన్‌లో ఉదయం 9 గంటలంటే మనకి వేసవిలో మధ్యాహ్నం 1.30, చలికాలంలో 2.30. అర్ధరాత్రి లోపే షిఫ్టు అయిపోతుంది. ఈలోగా ఏడుపు ఆగకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్, డబ్బులక్కర్లేదు. ఒక్కసారి నువ్వూ కస్టమర్‌వి అవ్వు!

అన్నట్టు, అమ్మ గురించి ఒక్క ముక్కా రాయలేదు. ఎవరైనా వస్తే తలుపు తీసేది ఆవిడే అయ్యుంటుంది. ముందు ఆవిడతో మొదలుపెట్టు. ఈసారి చుట్టాలొస్తే ‘రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంది, కాస్త మెల్లగా మాట్లాడండి’ అనమను.