మోటబావి జువ్విని తీయబోతున్న మేనకోడలికి

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీస్సులు.

పూడ్చివేయబోతున్న మోటబావి గోడలోని జువ్వి చెట్టును తీసుకువచ్చి బోన్సాయ్‌గా, అంటే పళ్లెంలో ఒదిగే పొట్టి చెట్టుగా పెంచాలని అనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నప్పుడు గర్వంగానే అనిపించింది కాని, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నా పన్నెండో ఏట ఆ బావి మెట్టు రాయి నా కాలి కింద కదిలి నీళ్లలో పడిపోతే, చేతికి దొరికిన ఏదో వేరును పట్టుకుని, పైనున్నవాళ్లు వచ్చేదాకా వేలాడాను. అప్పటికే వదులైన గోడ ఇప్పుడెలా ఉంటుందో నువ్వే ఆలోచించు. నడుముకు తాడు కట్టుకోకుండా, ఆ తాడు పట్టుకోవడానికి పైన ఇద్దరు మనుషులు లేకుండా ఆ గోడ వైపు వంగనని నాకు మాట ఇవ్వాలి. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టి చూడు. పాములకు అంతకన్నా చల్లని చోటు ఉండదు.

బావిగలాయనను ముందే అడిగావట, మంచి పని చేశావు. అడవిలో కనబడిన చెట్ల మీద మాత్రం మనసు పెట్టుకోకు. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా మొక్కను పెకలించడం నేరం.

జువ్వి చలికాలం చివర ఆకు రాల్చి, కొద్ది రోజులే బోడిగా నిలబడుతుంది. కొమ్మల చివర మొగ్గలు ఉబ్బి, రాగిరంగు లేతాకు ఇంకా విచ్చుకోకముందే చెట్టును తీయాలి. అప్పుడు ఆకుల గుండా పోయే నీరు ఉండదు, కాండంలో దాచుకున్న ఆహారం ఖర్చు కాకుండా ఉంటుంది. చెట్టును లాగవద్దు, గడ్డపారతో చుట్టూ ఉన్న రాళ్లను ఒక్కొక్కటిగా వదులు చెయ్యి. లావు వేళ్లను రంపంతో నున్నగా కోసినా, మొదలు దగ్గరి సన్నని పీచువేళ్లను ఒక్కటి కూడా పోనీయకు. కోసిన చోట కారే పాలు కంట్లో పడనీయకు. తడి గోనెలో చుట్టి ఇంటికి తెచ్చి, అడుగున చిల్లులున్న చెక్కపెట్టెలో ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి నాటి, పెట్టెకే తాడుతో బిగించి కట్టు. చెట్టు గాలికి ఊగితే కొత్త వేళ్లు పుట్టినవి పుట్టినట్టే తెగిపోతాయి.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. దీని తర్వాత నేను చేసిన తప్పు నువ్వు చేస్తావేమోనన్నదే నా భయం.

నీకు నాలుగేళ్లప్పుడు వాగు గట్టు మీది నుంచి ఒక నెమలినార చెట్టు మొద్దును తెచ్చాను, గుర్తుందో లేదో. మోకాలెత్తు మొద్దు, తొడంత లావు. సరైన అదనులోనే తీశాను, జాగ్రత్తగానే నాటాను. మూడు వారాలకు బెరడు చీల్చుకుని ఆవగింజలంత పచ్చని మొటిమలు, ఆ తర్వాత గుత్తులుగా చిగురు వచ్చాయి. బతికిందని వీధంతా చెప్పుకున్నాను. నీడలో ఉన్నదాన్ని ఎండలోకి మార్చాను, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోశాను. అదీ చాలక, వచ్చే బంధువులకు చూపించాలన్న యావలో పెట్టెలోంచి తీసి లోతులేని పళ్లెంలోకి మార్చాను. ఎండలు ముదిరేసరికి ఒకే రోజులో ఆకులన్నీ వేలాడిపోయాయి. పట్టుకుని ఎత్తితే అడ్డం లేకుండా చేతికి వచ్చింది; కోసిన వేళ్ల మొనలు నల్లబడి ఉన్నాయి, ఒక్క తెల్లని పీచు కూడా పుట్టలేదు. ఆ చిగురంతా మొద్దులో పాతగా దాచుకున్న ఆహారంతో వచ్చినదే తప్ప వేరు పట్టి వచ్చినది కాదని అప్పుడు తెలిసింది. నువ్వు మాత్రం ఇంకో పదిహేను రోజులు ప్రతి పొద్దున స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి దానికి పోస్తూనే ఉన్నావు. నేను గోటితో బెరడు గీరి చూసి, లోపల ఎండిపోయిందని తెలిసి కూడా నీతో చెప్పలేకపోయాను.

కాబట్టి, చిన్నీ, మొదటి చిగురును నమ్మవద్దు. అది వచ్చి, కొంతకాలం ఆగి, వానలు పడ్డాక రెండో విడతగా బలంగా సాగితేనే వేరు పట్టిందని అనుకో. అందాకా ఎరువు వద్దు, కత్తిరింపు వద్దు, కొమ్మలు వంచడానికి లోహపు తీగ చుట్టడం అసలే వద్దు. ఇసుక ఆరినప్పుడే నీళ్లు పొయ్యి, వేరు వచ్చిందేమోనని తవ్వి చూశావని తెలిస్తే మాత్రం నేను ఊరుకోను. పళ్లెంలోకి మార్చే సంగతి మూడేళ్ల తర్వాత మాట్లాడుకుందాం. అప్పటికి నేను ఉంటే నా చేతులతోనే మారుస్తాను, లేకపోతే నీకు తెలిసే ఉంటుంది.

ప్రతి ఆదివారం మొగ్గల ఫోటో పంపించు. అదను రాగానే నేను బస్సెక్కి వస్తాను, నేను రాకముందు గడ్డపార ముట్టుకోకు. తాడు నేనే తెస్తాను. నువ్వు కొన్నది బట్టలారేసుకోవడానికి పనికివస్తుంది.

ఇట్లు,
నీ మేనమామ