ఒక ఇంప్లాంట్ మీద రెండు పళ్లు నిలుస్తాయా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది తిరుపతి. కింది దవడలో కుడివైపు చివరి రెండు దవడపళ్లు తీసేశారు. డాక్టర్ రెండు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే టైటానియం మరలు) వేయాలంటున్నారు. ఒకటే వేయించుకుని దాని మీదే రెండు పళ్లూ కట్టించుకుంటే ఖర్చు తగ్గుతుంది కదా? టైటానియం ఆ మాత్రం బరువు మోయదా?

జవాబు: టైటానియం మోస్తుందండీ. చిక్కంతా దాన్ని పట్టుకుని ఉన్న ఎముకతోనే.

సొంత పన్ను వేరుకీ ఎముకకీ మధ్య పావు మిల్లీమీటరు మందం కూడా లేని నారపొర ఉంటుంది. నమిలినప్పుడు పన్ను ఆ పొరలో రవ్వంత దిగి, మళ్లీ పైకొస్తుంది. అన్నంలో రాయి తగలగానే దవడ టక్కున ఆగేదీ చాలావరకు ఆ పొర పంపే కబురుతోనే. ఇంప్లాంట్‌కు అది లేదు. ఎముక నేరుగా లోహానికి అతుక్కుంటుంది, బరువూ నేరుగా ఎముక మీదే పడుతుంది. అదైనా మర పొడవునా సమానంగా పంచుకోదు. చిగురు కిందే, ఇంప్లాంట్ మెడ దగ్గరి ఎముక అంచు మీద ఎక్కువ. పందిరి గుంజను పైన పట్టుకుని ఊపి చూడండి, ముందు వదులయ్యేది నేలమట్టం దగ్గరి మట్టే.

నిలువుగా పడే బరువును ఇంప్లాంట్ బాగానే ఓర్చుకుంటుంది. పక్కకు ఒరగదీసే బలమే చేటు. మీరన్నట్టు కడితే రెండో పన్ను కింద ఆధారం లేకుండా సజ్జలా చాచుకుని ఉంటుంది. అదీ నమిలే బలం ఎక్కువగా ఉండే వెనకవైపు! ముందు పన్నును ఇంప్లాంట్‌కు బిగించే లోపలి స్క్రూ వదులవ్వొచ్చు, తర్వాత ఎముకా తరగొచ్చు. మీ డాక్టర్ చెప్పిందే సబబు. డబ్బు ఇబ్బందైతే చివరి పన్ను వదిలేసి, దాని ముందుది ఒక్కటే పెట్టించుకోవడం నయం. దానివల్ల ఎదురుగా ఉన్న పైపన్ను కిందికి దిగుతుందేమో మాత్రం అడగండి.

పన్ను బిగించే రోజు నీలం కాగితం పెట్టి కొరికిస్తారు. మెల్లగా కొరికితే గుర్తులు సొంత పళ్ల మీదే పడాలి, గట్టిగా కొరికితేనే కొత్త పన్ను మీదా పడాలి. సొంత పళ్లు కాస్త దిగుతాయి, ఇది దిగదు కాబట్టి. ఆ చుక్క కూడా పన్ను మధ్యలో ఉండాలి, అంచున కాదు. ఇక్కడ హడావుడి పడనివ్వకండి.

కింది దవడలో ఎముక పట్టుకోవడానికి మామూలుగా మూడు నెలలు. అప్పటిదాకా ఆ వైపు నిప్పట్లు, చెరకు వద్దు. సంగటికి దిగులు లేదు, దాన్ని నమిలేదెవరు, మింగడమే కదా! పక్కనుండే నాటుకోడి ఎముకతోనే జాగ్రత్త. షుగర్ ఉంటే ముందు అదుపులోకి తెచ్చుకోండి. పొగ తాగితే మానేయండి.

ఇంకొకటి, నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉందేమో ఇంట్లోవాళ్లను అడగండి, మనంతట మనకు తెలియదు. ఉంటే పన్ను బిగించాక రాత్రిపూట పళ్లకు పెట్టుకునే తొడుగు, నైట్‌గార్డ్ కూడా చేయించుకోండి.