కొత్త ల్యాప్‌టాప్ వచ్చాక మెడ, భుజం, మణికట్టు నొప్పి... మార్చేయాలా?

ప్రశ్న: నా వయసు 44. ఇంటి దగ్గర్నుంచే అకౌంట్స్ రాస్తాను. రోజుకు ఏడెనిమిది గంటలు ట్యాలీ, ఎక్సెల్‌తోనే పని. పాత 14 అంగుళాల ల్యాప్‌టాప్ పాడైపోవడంతో ఈ మధ్యే 15.6 అంగుళాలది, పక్కన నంబర్ ప్యాడ్ ఉన్నది కొన్నాను. అప్పట్నుంచీ సాయంత్రానికి మెడ వెనక పట్టేస్తోంది. కుడి భుజం, కుడి మణికట్టు లాగుతున్నాయి. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడుతున్నాను. వీడియోల్లో చూసి ల్యాప్‌టాప్ కింద స్టాండ్ పెడితే మెడనొప్పి ఇంకా ఎక్కువైంది. డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుంటాను. ఇది నాకు పడలేదనుకుని మార్చేయమంటారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తొందరపడి మార్చకండి. మీరు చెప్పిన నొప్పులకి కారణాలు మూడున్నట్టుంది: కళ్లద్దాలు, నంబర్ ప్యాడ్, టేబుల్ ఎత్తు. ల్యాప్‌టాప్ మారిస్తే వీటిలో పోయేది ఒక్కటే.

ముందు మెడ సంగతి. ప్రోగ్రెసివ్ అద్దంలో పైభాగం దూరపు చూపుకి, అడుగుభాగం చదవడానికి. కంప్యూటర్ దూరానికి పనికొచ్చేది మధ్యలో ఉన్న సన్నటి భాగమే. స్క్రీన్‌ని కళ్ల ఎత్తుకి లేపితే, ఆ భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తాల్సి వస్తుంది. గంటల తరబడి అలా ఉంటే మెడ వెనక కండరాలు బిగుసుకుపోతాయి. స్టాండ్ పెట్టాక నొప్పి పెరిగింది అందుకే. ‘స్క్రీన్ పై అంచు కంటికి సమంగా ఉండాలి’ అన్న సలహా అద్దాలు లేనివాళ్లకి, ఒకే పవర్ అద్దాలవాళ్లకి సరిపోతుంది, మీకు కాదు. గడ్డం ఎత్తకుండా స్క్రీన్‌లో అన్నిటికన్నా పైవరస చదవగలిగే దాకా దించుతూ రండి. మూతను కాస్త వెనక్కి వాల్చండి. ఒక లావు పుస్తకం ఎత్తు సరిపోవచ్చు. రోజంతా ఇదే పని కాబట్టి కంప్యూటర్ కోసమే ఒకే పవర్ అద్దాలు విడిగా చేయించుకోవడం ఇంకా మేలు. పుస్తకం చదివే దూరం 40 సెంటీమీటర్లయితే స్క్రీన్ 55–65 సెంటీమీటర్లలో ఉంటుంది. ఆ కొలత టేపుతో తీసుకెళ్లి చెబితే కంటి పరీక్ష చేసేవారు పవర్ దానికి తగ్గట్టు రాస్తారు. బ్లూ కట్ కోటింగ్‌కి (నీలికాంతిని ఆపే పూతకి) అదనంగా డబ్బు పెట్టకండి. దానివల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

భుజానికి, మణికట్టుకి మాత్రం ఈ ల్యాప్‌టాప్‌నే అనుమానించాలి. నంబర్ ప్యాడ్ కోసం అక్షరాల భాగాన్ని ఎడమకి జరుపుతారు. జీ, హెచ్ కీల మధ్య నుంచి స్క్రీన్ నడిబొడ్డు దాకా స్కేలుతో కొలవండి, దాదాపు 4 సెంటీమీటర్ల తేడా కనిపిస్తుంది. మీరు స్క్రీన్‌కి ఎదురుగా కూర్చుంటే రెండు చేతులూ ఎడమకి జరిగి, కుడి మణికట్టు చిటికెన వేలి వైపు వంగుతుంది. అక్షరాలకి ఎదురుగా కూర్చుంటే మెడ రోజంతా కుడికి తిరిగే ఉంటుంది. పైగా మౌస్ నంబర్ ప్యాడ్ అవతలికి పోవడంతో చెయ్యి ఒంటికి దూరంగా చాచి పట్టుకోవాలి. భుజం లాగేది అక్కడే. పాత 14 అంగుళాలదానిలో ఈ బాధ లేదు.

అలాగని అకౌంట్స్ పనిలో నంబర్ ప్యాడ్ వదులుకోవడమూ కష్టమే. నంబర్ ప్యాడ్ లేని విడి కీబోర్డు ఒకటి, విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ ఒకటి తెచ్చుకోండి. ప్యాడ్ చిన్నదే కాబట్టి ఎంట్రీలు వేసేటప్పుడు కుడివైపు, మిగతా సమయంలో పక్కకి. మౌస్ కీబోర్డుని ఆనుకుని ఉండాలి. ల్యాప్‌టాప్ ఎత్తు మీద పెట్టి దాని కీలే కొడితే చేతులు గాల్లో ఉంటాయి కాబట్టి స్టాండ్ వాడేవాళ్లకి విడి కీబోర్డు ఎలాగూ తప్పదు.

డైనింగ్ టేబుల్ సాధారణంగా 75 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. అయిదడుగుల మనిషికి ఇది మోచేతి కన్నా బాగా ఎక్కువ. భుజాలు పైకి లేపి టైప్ చేయాల్సి వస్తుంది. కుర్చీలో గట్టి దిండు వేసి, మోచెయ్యి కీబోర్డుకి సమంగా వచ్చేదాకా ఎత్తు పెంచండి. కాళ్లు వేలాడకుండా పీట పెట్టుకోండి. టేబుల్ అంచు మణికట్టుని నొక్కితే మడిచిన టవల్ వేయండి.

ఇలా రెండు రోజులు పనిచేశాక భుజం, మణికట్టు తేలికపడితే ల్యాప్‌టాప్ ఉంచేసుకోండి.

అయితే కీబోర్డు, ప్యాడ్, కుర్చీ ఎత్తు మార్చినా సరికానివి రెండున్నాయి. వాటిని మాత్రం ల్యాప్‌టాప్ మార్చుకునే గడువు లోపలే చూసుకోవాలి, ఎందుకంటే చాలామంది అమ్మకందారులు లోపం ఉంటేనే మారుస్తారు, నచ్చలేదంటే తీసుకోరు. మొదటిది అక్షరాల సైజు. కుర్చీకి వీపు ఆనించి కూర్చుని మీ ఎక్సెల్ ఫైలే తెరవండి. అంకెల కోసం ముందుకు వంగాల్సి వస్తే సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలో స్కేల్‌ని 125 శాతానికి, చాలకపోతే 150కి పెంచండి. హాయిగా చదవగలిగిన సైజులో మీకు అవసరమైన కాలమ్స్ అన్నీ పట్టకపోతే ఆ స్క్రీన్ మీ పనికి చిన్నదే. అప్పుడు ఇంకో ల్యాప్‌టాప్ కన్నా 22–24 అంగుళాల మానిటర్ కలపడం మంచిదని నా అభిప్రాయం. ప్రోగ్రెసివ్ అద్దాలతోనైతే దాన్నీ వీలైనంత కిందికి దించాలి.

రెండోది మిణుకు. స్క్రీన్ వెలుతురు 20–30 శాతానికి తగ్గించి, దాన్ని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. నల్లటి చారలు కదులుతూ కనిపిస్తే తక్కువ వెలుతురులో ఆ తెర వేగంగా ఆరి వెలుగుతోందన్నమాట. అందరికీ ఇబ్బంది ఉండదు. మీకు తగ్గించినప్పుడే తలనొప్పి వచ్చి, పెంచితే పోతోందంటే ఆ తెర మీకు పడదు. అసలు వెలుతురు ఎంత ఉండాలంటారా? స్క్రీన్ పక్కన తెల్ల కాగితం పెట్టండి. తెర ట్యూబ్‌లైట్‌లా వెలిగిపోతుంటే తగ్గించండి, కాగితం కన్నా మసకగా ఉంటే పెంచండి.

ల్యాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకోవడం మానేయండి. చురుక్కుమనకపోయినా రోజూ ఆ వేడి తగిలితే తొడల మీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు పడొచ్చు.

నొప్పికి ప్రస్తుతానికి పావుగంట వేడి కాపడం చాలు. 20వ తేదీ జీఎస్‌టీ రిటర్నుల ముందు పని పెరుగుతుంది కదా, ఆ రోజుల్లో కూడా అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిపూట నిద్ర లేపుతుంటే డాక్టరుకి చూపించుకోండి. అది మణికట్టులో నరం నొక్కుకోవడం వల్ల కావచ్చు. మీ వయసులో షుగర్, థైరాయిడ్ కూడా చూడాలి. నొప్పి మెడనుంచి చేతిలోకి పాకినా, చేతిలో వస్తువులు జారిపోతున్నా, నడకలో తూలుతున్నా ఈ ప్రయోగాలన్నీ ఆపి వెంటనే వెళ్లండి. వెళ్లేటప్పుడు, మీరు మామూలుగా పనిచేసుకుంటుండగా పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి ఫొటోలు తీయించి పట్టుకెళ్లండి.