విశ్వాన్ని గీస్తానంటున్న నా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

ఉద్యోగానికి ఆర్నెల్లు సెలవు పెట్టి, సృష్టి ఏంటి శూన్యం ఏంటి అని అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్స్ వేస్తావంట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తను భయపడుతూ చెప్పింది, నాకేమో గర్వంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు, తెల్లారేసరికి నాకూ భయం పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

కాన్వాస్‌కి ముందు గెస్సో, అదే తెల్ల అడుగు పూత, రెండు పూతలు వెయ్యి, టర్పెంటైన్ వాడితే కిటికీలు తెరుచుకో. ఇవి నీకు తెలిసినవే.

టెలిస్కోప్ ఫొటోలు ఎదురుగా పెట్టుకుని మాత్రం వెయ్యకు. 1995లో హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ తీసిన ఆ ధూళి స్తంభాల ఫొటోలో రంగులు శాస్త్రవేత్తలు ఎంచి ఇచ్చినవి, సల్ఫర్‌కి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం. వాళ్ల పనికి అవి కావాలి, కానీ నువ్వు అవే దించేస్తే అందులో నీ ప్రశ్న ఎక్కడుంది తల్లీ? మన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా గారికి చిన్నప్పుడు కుదురు లేదని మాస్టారు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నారట, ఏళ్ల తర్వాత అదే బిందువై ఆయన కాన్వాస్ మధ్యకి వచ్చింది. నేను మొదటిసారి ఆ బిందువు ముందు నిలబడ్డప్పుడు నల్లటి వృత్తమే కదా అనుకున్నా, కాసేపు కదలకుండా చూస్తే ఆ నలుపు లోపలికి లాగడం మొదలెట్టింది, పక్కనున్నవాళ్లు పిలిచినా వినపడలేదు.

ఇప్పుడు అసలు సంగతి, ఇది రెండుసార్లు చదువు. అమెరికన్ చిత్రకారుడు రాత్కో హార్వర్డ్ యూనివర్సిటీ కోసం పెద్ద పెద్ద మ్యూరల్స్, అంటే గోడ నిండే బొమ్మలు, వేశాడు, 1964లో వాటిని డైనింగ్ రూమ్‌లో పెట్టారు, బోలెడు కిటికీలు, బోలెడు ఎండ. ఆయన కలిపిన ఎరుపులో లిథాల్ రెడ్ అనే పిగ్మెంట్, అంటే రంగుపొడి, ఉంది, అది వెలుతురుకి ఆగదు. ముదురు ఎరుపు కాస్తా పాలిపోయి కొన్నిచోట్ల నీలంలోకి దిగిపోయింది, 1979లో తీసి లోపల పెట్టేశారు. 2014లో ప్రొజెక్టర్‌తో పోయిన రంగుని వెలుగుగా కాన్వాస్ మీద వేసి చూపించారు, లైటు ఆపితే మళ్లీ ఆ పాలిపోయిన బొమ్మే. అంత మనిషి, మనిషి పుట్టుక చావు గురించి ఆలోచిస్తూ వేసినవాడు, ఒక ట్యూబు దగ్గర దెబ్బతిన్నాడు. రష్యన్ చిత్రకారుడు మాలెవిచ్ 1915లో వేసిన నల్ల చతురస్రం కూడా అంతే, కింద ఇంకో రంగుల బొమ్మ ఉంది, పైన నలుపంతా పగుళ్లు. నువ్వు అనంతం గురించి ఎంతైనా ఆలోచించు, కానీ ట్యూబు మీద పిగ్మెంట్ కోడ్ (లోపల ఏ రంగుపొడి ఉందో చెప్పేది), లైట్‌ఫాస్ట్‌నెస్ (వెలుతురుకి ఎంత ఆగుతుందో చెప్పేది) చదవకుండా కొన్నావంటే ఊరుకోను. అనుమానం ఉన్న రంగుని కాగితం మీద పట్టీలా పూసి, సగం అట్టతో మూసి కిటికీకి అంటించు, కొన్ని నెలలకి తేడా నీకే కనిపిస్తుంది. ఆయిల్ అయితే కింద పొరల్లో నూనె తక్కువ, పైకి వచ్చేకొద్దీ ఎక్కువ. నలుపు ట్యూబులోంచి పిండకు, అల్ట్రామెరీన్, బర్న్ట్ అంబర్ కలుపు, అటు నీలం ఎక్కువైతే దూరం వెళ్తుంది, ఇటు గోధుమ ఎక్కువైతే దగ్గరకొస్తుంది, ఆకాశం లోతంతా ఆ రెండిటి మధ్యే దొరుకుతుంది.

ఇంకో భయం ఉంది. స్వీడన్ చిత్రకారిణి హిల్మా అఫ్ క్లింట్ 1906లో మొదలెట్టి ఆలయం కోసమని 193 బొమ్మలు వేసి, తను పోయాక 20 ఏళ్లదాకా ఎవరికీ చూపించొద్దంది. ఆవిడ కాలం వేరు. నువ్వు గదిలో తలుపేసుకుని ఎవరికీ అర్థం కాదని దాచుకోకు. ఎలా వచ్చినా సరే మొదటి పొర ఆరగానే ఫొటో పంపు, వేళకి తిను, మీ అమ్మకి రోజూ ఫోన్ చెయ్యి.

పెద్దమ్మ