ముందు పాత ఫోన్ పెట్టి వీడియో తీయండి

మీ 14 నెలల ల్యాబ్రడార్ కుక్క మీరిద్దరూ ఆఫీసుకెళ్ళగానే సోఫా చింపేస్తోంది, చెప్పులు కొరికేస్తోంది, వచ్చాక రెండు తగిలించినా మారట్లేదు, పగబట్టి చేస్తోందా అని కదా అడిగారు. పగా లేదు పొగరూ లేదండి. మేమూ అలాగే అనుకుని మూణ్ణెల్లు మా చింటూగాడిని తిట్టి పాపం మూటగట్టుకున్నాం.

మాది ల్యాబ్ కాదు, వీధి కుక్కే, 2020 లాక్‌డౌన్‌లో మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికాడు. మా ఆయనా నేనూ వర్క్ ఫ్రమ్ హోమ్, అత్తయ్య కూడా మా దగ్గరే, అంటే వాడికి ఊహ తెలిశాక ఖాళీ ఇల్లు అనేదే చూడలేదు. తర్వాత ఆఫీసులు తెరిచారు, అత్తయ్య ఊరెళ్ళిపోయారు, ఒక సోమవారం ఇద్దరం తాళం వేసి వెళ్ళిపోయాం. సాయంత్రం వచ్చేసరికి మెయిన్ డోర్ కింది మూల చెక్కంతా పీకి పెట్టాడు, డోర్‌మ్యాట్ చొంగతో తడిసి ముద్దైంది, కింద ఫ్లోర్ ఆంటీ మెట్ల దగ్గరే ఆపేసి "పొద్దుట్నుంచీ ఊళ పెడుతూనే ఉందమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమో అని హడలిపోయాను" అంది. కుక్క ఊళ పెడితే మనవాళ్ళకి ముందు అదే కదా గుర్తొచ్చేది.

వచ్చాక తిడితే తల దించుకుని తోక ముడుచుకుని కూర్చునేవాడు, చూశావా తప్పు చేశానని తెలుసు వీడికి అనేవారు మా ఆయన. అది తప్పు తెలిసి కాదు, మన మొహం చూసి భయపడి. 2009లో కుక్కల ప్రవర్తన మీద పరిశోధన చేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ దీని మీద ప్రయోగం చేసింది, ఏ తప్పూ చేయని కుక్కలు కూడా ఓనర్ తిడితే అచ్చం అదే మొహం పెట్టాయంట. పొద్దున చింపినదానికి సాయంత్రం కొడితే దానికి అర్థమయ్యేది ఒక్కటే, వీళ్ళు బయటికెళ్ళి వస్తే నన్ను కొడతారు అని. ఇంక ఒంటరిగా ఉన్నప్పుడు భయం పెరక్కేం చేస్తుంది?

అందుకే మీరు ముందు చేయాల్సింది ట్రైనింగ్ కాదు, పాత ఫోన్ ఒకటి ఫ్రిజ్ మీద పెట్టి రికార్డింగ్ ఆన్ చేసి వెళ్ళండి. మొదటి అరగంటలోనే మీకు తెలిసిపోతుంది. హాయిగా ఒక కునుకు తీసి, లేచి, తోచక చెప్పు పట్టుకుని ఆడుకుంటుంటే అది బోర్, ల్యాబ్‌లకి ఆ వయసులో ఒళ్ళంతా ఎనర్జీనే. పొద్దున నిదానంగా 40 నిమిషాలు తిప్పండి, ప్రతి చెట్టూ స్తంభం వాసన చూడనివ్వండి, చెప్పులు పైన పెట్టేయండి, నమలడానికి దానిదంటూ ఏదైనా ఇవ్వండి (ఉడికించిన ఎముక మాత్రం వద్దు, పుల్లల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది). సగం గొడవ అక్కడే తీరిపోవచ్చు.

మా వీడియోలో అలా లేదు. తాళం తిప్పిన చప్పుడైన నిమిషంలోపే తలుపు దగ్గరికొచ్చాడు, రొప్పుతున్నాడు, గీరుతున్నాడు, మధ్యలో తల పైకెత్తి ఊళ. వెళ్ళేముందు కాంగ్ బొమ్మలో (లోపల తిండి కూరడానికి బోలుగా ఉండే రబ్బరు బొమ్మ) పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇచ్చాను, వాడి ప్రాణం అదంటే, దాన్ని మూతితో కూడా ముట్టుకోలేదు, మేం తలుపు తీసి లోపలికొచ్చాక తిన్నాడు. ఆ ముక్క చూసి నాకు ఏడుపొచ్చింది. తిండి కూడా ముట్టలేదంటే అది అల్లరి కాదు, భయం. డాక్టర్ కూడా వీడియో చూసి సెపరేషన్ యాంగ్జైటీ, అంటే మనవాళ్ళు వదిలి వెళ్తే వచ్చే భయం అన్నారు.

దానికి మేం చేసింది చెప్తే నవ్వుతారు. హెల్మెట్ పెట్టుకుని సోఫాలో కూర్చుని టీవీ చూసేదాన్ని. ఎందుకంటే వాడికి టెన్షన్ మేం వెళ్ళాక మొదలవట్లేదు, స్కూటీ తాళాలు గలగలమన్నప్పుడే మొదలవుతోంది. రోజుకి పదిసార్లు తాళాలు తీసి వంటింట్లోకి వెళ్ళేదాన్ని, షూ వేసుకుని బట్టలు మడతపెట్టేదాన్ని. రెండు వారాలకి హెల్మెట్ తీస్తే కళ్ళు తెరిచి చూసి మళ్ళీ పడుకునేవాడు. అప్పుడు తలుపు బయటికి 5 సెకన్లు, వెనక్కి. 10 సెకన్లు, వెనక్కి. తర్వాత నిమిషం, ఒక్కోసారి మళ్ళీ 20 సెకన్లకి దిగడం, ఎప్పుడూ పెంచుకుంటూ పోతే అదో లెక్క కనిపెట్టేస్తాడు. రొప్పడం మొదలైతే మనం తొందరపడ్డామన్నమాట, మర్నాడు తగ్గించాలి. లిఫ్ట్ దగ్గర ఫోన్‌లో వీడియో చూసుకుంటూ నిలబడ్డ నన్ను చూసి వాచ్‌మన్ ఏమనుకున్నాడో తెలీదు.

అసలు కష్టం ఇది కాదండి. ఈ ట్రైనింగ్ నడిచినన్నాళ్ళూ వాడు తట్టుకోగలిగినదానికన్నా ఎక్కువసేపు ఒంటరిగా వదలకూడదు, వదిలితే వారం కష్టం ఒక్కరోజులో పోతుంది. మేం షిఫ్టులు మార్చుకున్నాం, అత్తయ్యని బతిమాలి ఒక నెల పిలిపించుకున్నాం, కొన్ని రోజులు ఆ కింద ఫ్లోర్ ఆంటీయే ఉంచుకుంది, ఇప్పుడు మా మీద కన్నా వాడికి ఆవిడ మీదే ప్రేమ. 40 నిమిషాలు దాటించడానికి మూడు నెలలు పట్టింది, ఆ తర్వాత గంట, రెండు గంటలు చకచకా వచ్చేశాయి.

గదిలో పెట్టి గడియ వేయమని, బోనులో పెట్టమని చాలామంది చెప్తారు. బోర్ కొట్టి చింపే కుక్కకి మెల్లగా అలవాటు చేస్తే పర్లేదు గానీ భయపడే కుక్కని అలా మూసేస్తే గోళ్ళు, పళ్ళు విరగ్గొట్టుకుంటుంది. మరీ ఎక్కువైతే వెటర్నరీ డాక్టర్‌ని అడగండి, ఫ్లూక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటి మందులు దీనికి వాడతారు, మందిస్తే కుక్క మత్తులో పడుంటుందేమో అని భయపడి ఆగకండి, కాకపోతే మందు ఒక్కటే సరిపోదు, ఈ సెకన్ల లెక్క కూడా నడవాల్సిందే. మనుషుల మందులు మీరే కొని వేయడం మాత్రం వద్దు.

ఇప్పుడు చింటూ నాలుగు గంటలు ఉంటాడు, అంతకన్నా ఎక్కువైతే మధ్యలో ఎవరో ఒకరం వస్తాం. దీపావళికి మాత్రం ఒక్క నిమిషం కూడా వదలం. డోర్ మూలకి అప్పట్లో కొట్టించిన రేకు అలాగే ఉంది, దాని మీద కొత్త గీత ఒక్కటీ పడలేదు.