కొడుకు చదువు లోనుకు తండ్రి ఇల్లు వేలం వేస్తారా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మాది ఖమ్మం. 2018లో మా అబ్బాయి ఎంఎస్ చదువు కోసం అమెరికా వెళ్లేటప్పుడు బ్యాంకులో 24 లక్షల లోను తీసుకున్నాం. నేను కూడా సంతకాలు పెట్టి, నా పేరున ఉన్న ఇంటి దస్తావేజులు బ్యాంకుకు ఇచ్చాను. ఉద్యోగం వచ్చాక వాడే ఈఎంఐలు కట్టేవాడు. పెళ్లయ్యాక, 2023 మార్చి తర్వాత మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. బ్యాంకు వాళ్లు ఇంటికొచ్చి అడిగితే 2024లో రెండుసార్లు పదిహేను వేల చొప్పున నేనే కట్టాను. దసరా ముందు ఒక రిజిస్టర్డ్ కవరు వస్తే టెన్షన్‌తో తెరవలేదు. ఇప్పుడు చూస్తే, 60 రోజుల్లో మొత్తం బాకీ కట్టాలని ఉంది. మేజరైన కొడుకు అప్పుకు నేనెందుకు బాధ్యుణ్ని? మూడేళ్లు దాటితే బాకీ చెల్లదంటారు, నిజమేనా? ఇల్లు మా అమ్మాయి పేర గిఫ్ట్ డీడ్ రాసేస్తే దక్కుతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు అబ్బాయిని ఎలా పెంచారో, కోడలు వచ్చాక ఎలా మారాడో రాశారు. వాటిని నేను కుదించేశాను. బ్యాంకు లాయరు అయితే చదవను కూడా చదవడు. అతనికి కావలసింది మీరు సగం వాక్యంలో దాటేసిన మాట: ‘నేను కూడా సంతకాలు పెట్టాను’. ఏ హోదాలో పెట్టారన్నదే ఈ కేసును తేలుస్తుంది. మీరు పంపిన సాంక్షన్ లెటర్ జిరాక్సు రెండో పేజీ అడుగున అబ్బాయి పేరు కిందే మీ పేరుంది. పక్కన ‘కో బారోయర్’ అని టైపు చేసి ఉంది. అంటే మీరు షూరిటీ కూడా కాదు, అప్పు తీసుకున్న ఇద్దరిలో ఒకరు. కొడుకు లోనుకు సాయం చేయాలా వద్దా అని అడుగుతున్నారు గానీ, కాగితం ప్రకారం ఇది మీ లోనే.

తండ్రి అయినందుకు మాత్రం మీ మీద ఏ బాధ్యతా లేదు. పాత హిందూ ధర్మశాస్త్రంలో తండ్రి అప్పు కొడుకు తీర్చాలనే నియమం ఉండేది. 2005 సవరణ తర్వాత చేసిన అప్పులకు అదీ లేదు. కొడుకు అప్పు తండ్రి తీర్చాలనే సూత్రం ఏనాడూ లేదు. మీ సంతకం, మీ తనఖా లేకపోతే ఈ నోటీసును పట్టించుకోవద్దనేవాణ్ని. ఉన్నాయి కాబట్టి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం బాకీ వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకుంది. ‘ముందు అమెరికాలో ఉన్నవాణ్ని అడగండి’ అనడానికి వీల్లేదు. షూరిటీ అయినా ఆ మాట చెల్లదని సుప్రీంకోర్టు యాభై ఏళ్ల కిందటే తేల్చింది.

ఇక మూడేళ్ల సంగతి. మూడేళ్లకు కాలదోషం పడుతుందన్నది ప్రామిసరీ నోటు లాంటి తనఖా లేని అప్పుల లెక్క. ఆ నోటు విషయంలో కూడా వెనక చెల్లు రాసి సంతకం పెడితే దావా గడువు మళ్లీ మొదటికొస్తుందని మీకు తెలియనిది కాదు. మీరు పదిహేను వేలు కట్టినప్పుడు బ్యాంకు స్లిప్పు మీద సంతకం పెట్టారుగా, అది కూడా చెల్లు వేసినట్టే. లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ చెప్పేది అదే. దీంట్లో ఇంకో మెలిక ఉంది. 20వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి బాకీదారుల్లో ఒకరు కట్టినంత మాత్రాన రెండోవారి మీద గడువు పెరగదు. అంటే 2024లో మీరు కట్టిన సొమ్ము మీ మీద గడువును కొత్తగా తెరిచింది గానీ, దానివల్ల అబ్బాయి మీద గడువు పెరగలేదు! లాయరుకు ఒక్క ఫోన్ కొట్టకుండా, ఇంటికొచ్చిన రికవరీ ఏజెంటు మొహమాటపెడితే డబ్బు కట్టేశారు.

అయినా మీ ఇంటికి ఈ మూడేళ్ల లెక్కే వర్తించదు. దస్తావేజులు డిపాజిట్ చేసి తనఖా పెట్టారు కాబట్టి, బాకీ గడువు మీరిన నాటి నుంచి పన్నెండేళ్లు బ్యాంకుకు హక్కుంటుంది. కాలదోషం మీద ఆశ వదిలేయండి.

గిఫ్ట్ డీడ్ ఆలోచన మీకు ఎవరిచ్చారో గానీ, వాళ్ల మాట మళ్లీ వినకండి. తనఖా ఇంటిని వెన్నంటే పోతుంది. అమ్మాయి పేర రాస్తే ఇంటితో పాటు తనఖా కూడా ఆమె నెత్తిన పడుతుంది. పైగా మీకొచ్చిన 60 రోజుల నోటీసు సర్ఫేసీ చట్టం (తనఖా ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే వేలం వేసుకోనిచ్చే చట్టం) 13(2) సెక్షన్ కింద ఇచ్చింది. అది అందాక, బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఆస్తిని ఎవరికీ బదిలీ చేయకూడదు. చేస్తే అదే చట్టం 29వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తోడ్పడినవారికీ అదే శిక్ష, అంటే అమ్మాయిని కూడా కేసులోకి లాగినట్టే. రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమ్మం తొక్కకండి.

కవరు తెరవకుండా అలమారలో పెట్టడం ఏమిటి మాస్టారూ? రిజిస్టర్డ్ పోస్టు తెరవకపోయినా, తిప్పి పంపినా అందినట్టే లెక్క. నోటీసు తేదీ నుంచి చూస్తే 38 రోజులు పోయాయి, ఇంకా 22 మిగిలాయి. ఈ జవాబు అచ్చయ్యేలోగా గడువు దాటుతుందని ఇదే విషయం మీకు ఫోన్‌లో చెప్పాను. ఇతర పాఠకుల కోసం మళ్లీ రాస్తున్నాను.

మొదట బ్యాంకు నుంచి పూర్తి అకౌంట్ స్టేట్‌మెంటు, లోను అగ్రిమెంటు కాపీ రాతపూర్వకంగా అడగండి. విద్యారుణాల్లో చదువుకునే కాలానికి, మారటోరియానికి (ఈఎంఐలు మొదలయ్యేలోగా ఇచ్చే విరామానికి) మామూలుగా సింపుల్ ఇంట్రెస్టే వేస్తారు. మీ సాంక్షన్ లెటర్‌లోనూ అలాగే ఉంది. స్టేట్‌మెంటులో అలాగే వేశారా, చక్రవడ్డీ కట్టారా చూడండి. 2024 ఏప్రిల్ నుంచి ఆర్‌బీఐ కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పాత లోన్లకు కూడా ఆ ఏడాది జూన్ చివరికల్లా వర్తించాయి. వాటి ప్రకారం పెనాల్టీని అసలులో కలిపి దాని మీద వడ్డీ వేయకూడదు. ఇలాంటి తప్పులు కనబడితే వాటినే పట్టుకుని 60 రోజుల్లోపు అభ్యంతరం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. దానికి 15 రోజుల్లో కారణాలతో జవాబు ఇవ్వాల్సిన బాధ్యత బ్యాంకుది. అభ్యంతరంలో అబ్బాయి గుణగణాలు రాయకండి, అంకెలు రాయండి.

పాత ఈఎంఐ బకాయిలన్నీ వడ్డీతో కట్టేస్తే ఖాతా మళ్లీ సరైన వరుసలోకి వస్తుంది. మీ స్థోమతకు అదే మేలు. కుదరకపోతే ఓటీఎస్ (కొంత తగ్గించి, ఒకేసారి కట్టి తెంచుకునే ఒప్పందం) అడగండి. అయితే అది మీ హక్కు కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇస్తే పుచ్చుకోవాలంతే. అలా తెంచుకుంటే సిబిల్‌లో (మీ అప్పుల చరిత్ర రికార్డులో) ‘సెటిల్డ్’ అని మీ ఇద్దరి పేర్లకూ పడుతుంది. ఒకవేళ పొసెషన్ నోటీసు (ఇంటిని స్వాధీనం చేసుకున్నామనే నోటీసు) అతికిస్తే, 45 రోజుల్లో హైదరాబాద్ డీఆర్‌టీలో, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. మన ఊరి సివిల్ కోర్టులో ఇంజంక్షన్ తెస్తానని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి, ఆ కోర్టుకు ఈ విషయంలో అధికారం లేదు. వేలం ప్రకటన వెలువడేలోగా మొత్తం కట్టగలిగితే ఇల్లు విడిపించుకోవచ్చు. ఆ తర్వాత కష్టం.

మీరు కట్టేదంతా అబ్బాయి నుంచి రాబట్టుకోవచ్చు. కాగితం మీద ఇద్దరూ సమాన బాకీదారులు కాబట్టి అతను ‘సగమే ఇస్తాను’ అనొచ్చు. మొత్తం రావాలంటే, డబ్బు అతని ఫీజుకే పోయిందని, మీరు నిజానికి షూరిటీ లాంటివారేనని మీరే రుజువు చేయాలి. యూనివర్సిటీకి నేరుగా పంపిన రెమిటెన్స్ రశీదులు బ్యాంకులో ఉంటాయి, తీసుకోండి. ఇకనుంచి ఏది కట్టినా మీ ఖాతా నుంచే కట్టండి, నగదు వద్దు. కట్టిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. 2024లో కట్టిన రెండు పదిహేను వేలకు గడువు 2027లోనే ముగుస్తుంది.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం, ‘నాన్నా, లోను నాది, వచ్చే నెల నుంచి నేనే కడతా’ అని 2023లో అబ్బాయి పెట్టిన వాట్సాప్ మెసేజ్. కోర్టుకు దాని ప్రింటు ఒక్కటే చాలదు, భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఆ మెసేజ్ ఉన్న పాత ఫోను మనవరాలికి గేములాడుకోవడానికి ఇచ్చానని రాశారు. ఈ సాయంత్రమే వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టండి. పాపకు ఇంకోటి కొనివ్వండి.